నాలుగో అంతస్తులో మిగిలిపోయిన ఆరుగురు

మాఘమాసం, శనివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. తెల్లవారుజామున కమ్ముకున్న మంచు పూర్తిగా విడిపోయింది. ఆకాశంలో మబ్బు లేదు. గేటు పక్క గోడకు నేనే తగిలించిన ఉష్ణమాపకం ఇరవై నాలుగు డిగ్రీలు చూపుతోంది. కరీంనగర్‌లోని మా అపార్ట్‌మెంటు ముందు ఖాళీ స్థలంలో నివాసితులందరూ ఎండకు నెత్తిన చేతులు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ రోజు ఫైర్ డ్రిల్. సైరన్ మోగగానే అందరూ మెట్ల మీదుగా దిగి, కెమెరాకు ముఖం చూపించి, క్షేమంగా బయటపడ్డట్టు నమోదు చేసుకోవాలి. ఒక్కొక్కరే చూపించారు. చివరి ముఖం కూడా అయిపోయింది. గోడ మీది బోర్డు మాత్రం ఎర్ర అంకెలతో ఇంకా వెలుగుతూనే ఉంది: "లోపల మిగిలినవారు: 6. ఫ్లాటు: 404."

404లో ఉండే ముగ్గురూ నా ఎదుటే ఉన్నారు. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే సరిత, పదో తరగతి చదివే ఆమె కూతురు అక్షయ, చెన్నూరు నుంచి వచ్చి వాళ్లతో ఉంటున్న అత్త రాజవ్వ.

"ఇంకా ఆరుగురు లోపటనే ఉన్నరు," అన్నారు మా సంఘం అధ్యక్షులు నరహరిరెడ్డి గారు, ఆ మాట కోసమే ఎన్నో రోజులుగా ఎదురుచూస్తున్న మనిషి గొంతుతో. "ఇప్పుడేమంటవమ్మా?"

రాజవ్వ కొంగు సర్దుకుంది. "ఉన్నరు పటేలా. ఉంటే ఏమాయె? అంటుకుంటె వాళ్లకేం కాదు."

అపార్ట్‌మెంటు నిర్వహణను వృత్తిగా ఎంచుకునే యువతీయువకుల కోసం ఈ అనుభవాలు రాస్తున్నాను. ఆ ఆరుగురి సంగతి పూర్తిగా చెబితే ఈ ఉద్యోగం ఏమిటో నూటికి తొంభై పాళ్లు చెప్పినట్టే.

తూకం నేర్పినది

ఈ ఉద్యోగానికి రాకముందు నేను జమ్మికుంటలో పత్తి బండ్లను తూచే వేబ్రిడ్జి దగ్గర పనిచేశాను. నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం, రెండింటి తేడా. నా యౌవనమంతా ఆ తీసివేతలోనే గడిచింది. అక్కడ మొదటి రోజే మా పెద్దాయన ఒక మాట చెప్పారు. "కాంటా అబద్ధం ఆడదు, నిజం గూడ చెప్పదు. దాని మీద ఎంత బరువున్నదో అంతే చెప్తది. ఏమున్నదో నువ్వే దిగి చూడాలె." డ్రైవరు లోపల కూర్చుని ఉండగా తూచిన బండికీ, దిగాక తూచిన బండికీ ఒక మనిషి తేడా. ఆ మనిషిని రైతు పత్తి కింద లెక్కగడితే వ్యాపారి నష్టపోతాడు, ఖాళీ బండి కింద లెక్కగడితే రైతు నష్టపోతాడు. కాబట్టి అంకెను నమ్మాలి, కానీ ఆ అంకె దేనికి చెందినదో తెలిసిన తర్వాతే నమ్మాలి. ఇంతకు మించిన సిద్ధాంతం నాకు తెలియదు.

అపార్ట్‌మెంటు మేనేజరుగా చేరిన కొత్తలో మాకు ఉన్న సాంకేతికత ఒక గంట, ఒక విజిల్. గంట మోగితే నీళ్లు వచ్చినట్టు, విజిల్ వినిపిస్తే పాలవాడు వచ్చినట్టు. తర్వాత ఇంటర్‌కామ్ వచ్చింది, ఆ తర్వాత గేటు యాప్, దాని తర్వాత ముఖం చూసి తెరుచుకునే గేటు. ప్రతి యంత్రం వచ్చినప్పుడూ ఇక మీకు పని తగ్గుతుందన్నారు. నిజానికి ప్రతిసారీ ఒక పని తగ్గి రెండు పెరిగాయి. పెరిగిన వాటిలో మొదటిది యంత్రానికి మనుషులను పరిచయం చేయడం, రెండోది మనుషులకు యంత్రం తరఫున క్షమాపణ చెప్పడం.

ముఖం చూసే గేటు పెట్టిన మొదటి నెలలో మూడో అంతస్తు కుటుంబం వేములవాడ వెళ్లి, తండ్రీ ఇద్దరు కొడుకులూ గుండ్లు చేయించుకుని వచ్చారు. గేటు తెరుచుకోలేదు. తండ్రిని అపరిచితుడన్నది. పెద్ద కొడుకును చూసి ఆలోచనలో పడి ఆగిపోయింది. చిన్నవాడిని మాత్రం ఐదో అంతస్తు రిటైర్డ్ లెక్చరరుగా గుర్తించి సాదరంగా లోపలికి రానిచ్చింది. ఆ లెక్చరరు గారిది పుట్టుబట్టతల. తండ్రి గేటు బయట నిలబడి నాతో అన్న మాట నాకిప్పటికీ గుర్తు. "మేనేజర్ సాబ్, దేవుడు గుర్తుపట్టిండు. గీ గేటుకేమైంది?" జుట్టు పెరిగేదాకా వాళ్లు పాల ప్యాకెట్లు వచ్చే పక్క గేటు నుంచి తిరిగారు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నా సలహా ఒకటే. ఏ యంత్రాన్నయినా సంఘం ఆమోదించే ముందు, మన ఊరివాళ్లు సంవత్సరంలో ఏమేం చేస్తారో దాన్ని తయారుచేసినవాడికి తెలుసా అని అడగండి. తెలియదంటే, ఆ లోటు తీర్చడమే మీ ఉద్యోగం.

మనుషులను లెక్కపెట్టే లిఫ్టు

నరహరిరెడ్డి గారు అధ్యక్షులయ్యాక పాత లిఫ్టు తీసేసి కొత్తది పెట్టించారు. ఆయన మంచి మనిషి, భూములున్న కుటుంబం, ఎవరి దగ్గరా ఏదీ ఆశించరు. ఆయనకున్న బలహీనత ఒక్కటే, తెర మీద కనిపించేది ఏదైనా శాసనమే అనుకుంటారు. చక్కెర వ్యాధి వచ్చాక చేతికి ఒక గడియారం కట్టుకున్నారు. ఆకలయిందా అని ఎవరైనా అడిగినా ముందు దాన్నే చూసేవారు.

ఆ లిఫ్టు ప్రత్యేకత ఏమిటంటే, అగ్నిప్రమాదం జరిగితే ఏ ఇంట్లో ఎంతమంది చిక్కుకున్నారో అది చెప్పగలదు. ప్రతి కుటుంబానికీ ఒక కార్డు. కార్డు తాకిస్తేనే లిఫ్టు ఆ ఇంటి అంతస్తుకు వెళుతుంది, అక్కడి నుంచి దిగుతుంది. మొదటి రోజు ప్రతి ఇంటికీ ఒప్పందంలో ఉన్న సంఖ్యను ఎక్కించారు. ఆపైన ఆ కార్డు మీద పైకి వెళ్లినవారిని కలిపి కిందికి వచ్చినవారిని తీసివేస్తే ఇంట్లో ఉన్నవారి సంఖ్య వస్తుంది. లిఫ్టులో బరువు ఎంతుందో లోపలి తెర మీదా, కింద తలుపు పైనా కిలోలలో కనబడుతుంది.

మరి మెట్ల మీద నడిచేవారి సంగతేమిటని నేను మొదటి సమావేశంలోనే అడిగాను. అమ్మిన కంపెనీవారు లిఫ్టున్న భవనంలో మెట్లెవరు ఎక్కుతారన్నారు. ఫలితంగా అధ్యక్షుల వారి సంతకంతో నోటీసు బోర్డులో ఒక నియమం వెలిసింది: "లిఫ్టులో ఎక్కినవారు లిఫ్టులోనే దిగవలెను. మెట్లు ఎక్కినవారు మెట్ల మీదనే దిగవలెను. మధ్యలో మనసు మార్చుకొనరాదు."

మా సంఘం కార్యదర్శి, టైల్స్ దుకాణం ఉన్న హమీద్ సాబ్ దాన్ని చదివి, "నికా తర్వాత గిట్ల రాసిన కాగజ్ ఇదే చూస్తున్న," అన్నారు.

రాజవ్వకు ఈ నియమంతో ఇబ్బంది రాలేదు. ఆమెకు లిఫ్టంటే భయం. నాలుగు అంతస్తులూ మెట్ల మీదే ఎక్కి దిగేది.

నీళ్లు తాగని మనుషులు

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు 404 లెక్క పెరగడం మొదలైంది. కిరాయి ఒప్పందంలో ముగ్గురు. సరిత భర్త శ్రీరాంపూర్ బొగ్గుగనిలో పనిచేస్తాడు, ఆదివారాలు వచ్చి వెళ్లే మనిషి. బోర్డు ముందు నాలుగన్నది, తర్వాత ఆరు, చివరికి తొమ్మిది. తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

నరహరిరెడ్డి గారు కార్యవర్గాన్ని పిలిచారు. ఆయన అనుమానం స్పష్టం: నర్సమ్మ చాటుగా హాస్టల్ నడుపుతోంది. మా నియమాల ప్రకారం అది పెద్ద నేరం. నోటీసు తయారుచేయమని నన్ను ఆదేశించారు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఆ ఇంటి నుంచి సరిత పనిచేసే ఆస్పత్రికి నడక దూరం, అక్షయ బడికి అంతకన్నా తక్కువ. రాత్రి డ్యూటీలు చేసే మనిషికి అలాంటి ఇల్లు మళ్లీ దొరకడం కష్టమని అక్కడున్న అందరికీ తెలుసు.

నేను అప్పటికే వేరే అంకెలు తీసి చూశాను. మాకు ప్రతి ఇంటికీ డిజిటల్ నీటి మీటరు ఉంది. దాన్ని ముందు పెట్టాను. "అయ్యా, 404లో నీటి వాడకం పోయిన నెలకూ ఈ నెలకూ మారలేదు. తొమ్మిది మంది ఉంటే మూడింతలు కావాలి."

"చలికాలం," అన్నారు అధ్యక్షులు. "హాస్టల్ పోరగాళ్లు చలికాలంల స్నానం జేస్తరా?"

"తాగాలి కదా?"

"బయట తాగొస్తున్నరేమో."

హమీద్ సాబ్ గడ్డం నిమురుకున్నారు. "రెడ్డి సాబ్, నీళ్లు వాడరు, లైటు వెయ్యరు, చప్పుడు చెయ్యరు, కిందికి గూడ రారు. గసొంటి కిరాయిదార్లు దొరుకుతె నా ఇంటికి గూడ ఇద్దర్ని పంపుర్రి."

లిఫ్టులోని కెమెరా చూద్దామన్నాను. ఆ కెమెరా కూడా తెలివైనదే. విద్యుత్తు ఆదా కోసం, మనిషి ముఖం కనబడితేనే రికార్డు చేస్తుంది. ఆ ఆరుగురు పైకి వెళ్లిన సమయాలలో రికార్డు లేదు. దీని నుంచి నాకు తోచింది ఒకటి, అధ్యక్షులకు తోచింది మరొకటి.

"ముఖాలు కప్పుకొని ఎక్కిండ్రు," అన్నారాయన, గొంతు తగ్గించి. హాస్టల్ అనుమానం ఆ క్షణంలో మరేదో పెద్ద అనుమానంగా ఎదిగింది.

మరునాడు కంపెనీవారి సహాయ కేంద్రానికి ఫోను చేశాను. స్పష్టంగా మాట్లాడే ఒక ఇంజనీరు అమ్మాయి ఎత్తింది. లిఫ్టు మనుషులను ఎట్లా గుర్తుపడుతుందని అడిగాను.

"గుర్తుపట్టదు సార్. బరువు చూస్తుంది. ముప్పై కిలోలు దాటితే ఒక మనిషి. తొంభై ఎనిమిది దాటితే ఇద్దరు."

"బియ్యం బస్తా వస్తే?"

"మనిషి పక్కన బస్తా ఉంటే సర్దుకుంటుంది సార్. బస్తా ఒక్కటే లిఫ్టులో ఎందుకు వెళ్తుంది?"

ఆ ఆరు ప్రయాణాల బరువులు చెప్పమన్నాను. చెప్పింది: నలభై ఒకటి, అరవై ఎనిమిది, యాభై ఏడు, అరవై మూడు, ముప్పై నాలుగు, తొంభై ఒకటి. పైకి వెళ్తున్నంతసేపూ ఆ అంకెలు ఒక్క పావుకిలో కూడా కదలలేదట. నాకు వెంటనే జమ్మికుంట గుర్తొచ్చింది. మనిషి కాంటా మీద నిలబడితే అంకె ఊగుతుంది. ఊపిరి తీస్తాడు, కాలు మారుస్తాడు. ఊగని అంకె సరుకుది.

సరుకేనని అధ్యక్షులకు విన్నవించాను. ఏ సరుకు అన్నారు. తెలియదన్నాను. తెలియనప్పుడు రికార్డే సాక్ష్యమన్నారు. సంఘం తీర్మానంలో ఆ వాక్యం ఆయనే రాయించారు: "సిస్టం రికార్డే తుది సాక్ష్యము."

ఇల్లు చూపిస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆ మాటే సరితకు చెప్పాను. ఆమె అన్ని గదులూ చూపిస్తానన్నది, ఒకటి తప్ప. "దేవుని అర్రలకు మాత్రం ఇప్పుడు ఎవలను రానియ్యం సార్. మా అత్తమ్మ ఒప్పుకోదు. ఇంక నేను గూడ ఒకలకు మాటిచ్చిన."

"ఎవరికమ్మా?"

"అది గూడ చెప్పనని మాటిచ్చిన."

ఇల్లు పోయే పరిస్థితిలో ఉన్న మనిషి అట్లా మాట్లాడితే నాకు అర్థం కాలేదు. హైదరాబాదులో ఉండే ఇంటి యజమానికి అర్థం చేసుకోవలసిన అవసరం కూడా లేదు. ఆయన ఫోనులో క్లుప్తంగా చెప్పారు. "ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు బోర్డు మీద మూడు అని ఉన్న ఫొటో పంపండి, ఉండనిస్తా. లేకుంటే వేరే వాళ్లు రెడీగా ఉన్నరు."

రక్షణ చర్య

తిరిగి శనివారానికి వస్తాను.

అంటుకున్నా వాళ్లకేం కాదని రాజవ్వ అన్న మరుక్షణం నరహరిరెడ్డి గారు మెట్లవైపు కదిలారు. డ్రిల్‌లో లిఫ్టు ఆపి ఉంచుతాం. హమీద్ సాబ్, నేను, సరిత, రాజవ్వ, ఆ వెనక మరికొందరు. రెండో అంతస్తులో అధ్యక్షులు గోడ పట్టుకుని ఆగారు. మూడో అంతస్తులో వారి భార్య సులోచనమ్మ గారు వెనక నుంచి పిలిచారు.

"ఇంక ఎక్కకండి. ఆయాసం వస్తది."

"ఆరుగురి పానాలు సులోచనా."

"పానాలు లేవు, ఏం లేవు. దిగుదాం పట్టుర్రి."

"నీకెట్ల తెలుసు?"

సులోచనమ్మ గారు రాజవ్వ వైపు చూశారు. రాజవ్వ సరిత వైపు చూసింది. సరిత నేల చూసింది.

404 తలుపు ముందు రాజవ్వ అడ్డం నిలబడింది. "చెప్పులిడువుర్రి. కాళ్లు కడుక్కోర్రి. పొద్దుగాల గుడ్డు తిన్నోళ్లు బయటనే ఉండుర్రి."

రక్షణ బృందంలో ముగ్గురు వెనక్కి తగ్గారు.

దేవుని గది చిన్నది. నేల మీద వరుసగా ఆరు పీటలు. ఒక్కో పీట మీద కొత్త గోనెసంచిలో బెల్లం, పసుపు బొట్లు, కుంకుమ, మధ్యలో దీపం. గదంతా బెల్లం వాసన. సమ్మక్క తల్లికి ఇచ్చే బెల్లాన్ని మా వైపు బంగారమే అంటాం. కష్టం గట్టెక్కితే మనిషి ఎంత బరువుంటే అంత బంగారం తూచి ఇస్తామని మొక్కుతాం. వచ్చే బుధవారం నుంచి ఆ తల్లి జాతర. బండి మంగళవారం పొద్దున బయలుదేరుతుంది.

"ఇగో మీ ఆరుగురు," అన్నది రాజవ్వ. "చెన్నూర్ల ఉన్నన్నాళ్లు వాడకట్టు బంగారమంత నా ఇంట్లనే పెడుతుండె. ఈడ గూడ అడిగిండ్రు, పెట్టుకున్న. ఇంతకుముందు కాంటా దుకాణానికి పోతుంటిమి. లిఫ్టే తూకం చెప్తుంటె దుకాణమెందుకు? మనిషినొకసారి ఎక్కిచ్చి చూసినం, బంగారం ఎక్కిచ్చి చూసినం. సరిపోయె."

"దాంతో పాటు ఎవరూ ఎక్కలేదా?" అని అడిగాను.

"బంగారం పక్కపొంటి మనిషెట్ల నిలబడుతడు సారూ? తల్లి సొమ్ము. కార్డు తాకిచ్చి మేం బయటికొస్తిమి. అది ఒక్కతే పోయింది. పైన అక్షయ, సరిత పట్టి దించుకున్నరు."

హమీద్ సాబ్ ఒక్కో పీటనూ చూపుతూ ఎవరిదని అడిగారు. నలభై ఒకటి అక్షయది, వానాకాలంలో వచ్చిన డెంగీ జ్వరానికి. అరవై ఎనిమిది గనిలో ఉన్న ఆమె తండ్రిది. యాభై ఏడు రెండో అంతస్తు వనజది, అరవై మూడు ఆమె అత్తది. ముప్పై నాలుగు దగ్గర రాజవ్వ కొంచెం ఆగింది.

"అది టైగర్‌ది."

టైగర్ ఐదో అంతస్తులో రిటైర్డ్ లెక్చరరు గారి కుక్క. దీపావళి బాంబులకు బెదిరి పారిపోయి తొమ్మిదో రోజున తిరిగొచ్చింది.

"కుక్కను గూడ మనిషి కింద రాసిండ్రా?" అన్నారు హమీద్ సాబ్.

"లిఫ్టు రాసింది," అన్నాను.

చివరి పీట అన్నిటికన్నా పెద్దది. అధ్యక్షులే అడిగారు. "గీ తొంబై ఒకటి ఎవలు?"

సులోచనమ్మ గారు ముందుకొచ్చారు. అప్పుడే ఆయన చేతి గడియారం, నాలుగు అంతస్తులు ఎక్కినందుకు అభినందిస్తూ కీచుమన్నది.

"మీరే," అన్నారు సులోచనమ్మ గారు. "పోయిన యేడు ఆస్పత్రిల మూడు దినాలు కండ్లు తెరవకపోతిరి కద. అప్పుడు మొక్కిన. ఇంటికొచ్చినంక షుగరని బెల్లం గడప దాటనియ్యకపోతిరి. ఏడ పెట్టాలె? రాజవ్వ కాడ పెట్టిన. మీకు చెప్పొద్దని సరితతోని ఒట్టు వేయించుకున్న. ఇల్లు పోతున్నా ఆ పిల్ల నోరిప్పలే."

నరహరిరెడ్డి గారు ఆ పీటకు దండం పెట్టారు. అనుమతి లేకుండా 404లో ఉంటున్నవారిలో అందరికన్నా బరువైన మనిషి ఆయనే. ఇంకో ఎనిమిది కిలోలు ఎక్కువుండి ఉంటే యంత్రం ఆయనను ఇద్దరిగా రాసేది.

దింపడం

సత్యం తేలింది కాబట్టి సమస్య తీరిందనుకునేవారు ఈ ఉద్యోగానికి పనికిరారు. సత్యం గదిలో ఉంది, తొమ్మిది బోర్డు మీద ఉంది. ఇంటి యజమానికి కావలసింది బోర్డు.

ఇంజనీరు అమ్మాయికి మళ్లీ ఫోను చేశాను. అంకెను చేత్తో దిద్దడం కుదరదట. "దిద్దుకోగలిగితే మీకు దాని మీద నమ్మకం ఉండదు కదా సార్. మనిషి దిగితేనే తగ్గుతుంది."

ఆ మాటలో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. అయితే బంగారాన్నే లిఫ్టులో దింపి మళ్లీ మెట్ల మీదుగా పైకి తెద్దామన్నారు అధ్యక్షులు. రాజవ్వ ఒప్పుకోలేదు.

"పీట మీద కూసున్న బంగారం జాతరకే లేస్తది పటేలా. మీ లెక్కకు లేవది."

"మరి ఇల్లు పోతది కద అవ్వా."

"పోతె పోనీ. తల్లికిచ్చిన మాట పోతె యాడ కిరాయికి దొరుకుతది?"

సరిత గదిలో మూలన ఉన్న అక్షయ పుస్తకాల సంచిని ఒకసారి సర్దిపెట్టింది. నేను ఆ రోజంతా లెక్క వేసుకున్నాను. పైకి ఆరు బరువులు వెళ్లాయి, దిగలేదు. కిందికి ఆరు బరువులు దిగాలి, ఎక్కకుండా దిగాలి. అంటే మెట్లు ఎక్కి లిఫ్టు దిగాలి. అంటే అధ్యక్షుల వారి నియమాన్ని ఆరుసార్లు ఉల్లంఘించాలి. ఎవరి బంగారం పైన ఉందో వాళ్లే దిగితే కిలోలకు కిలోలు కూడా సరిపోతాయి. జమ్మికుంటలో దీన్ని ఖాళీ బండి తూకం అనేవాళ్లం.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెట్టాం. అక్షయ మెట్లెక్కి, 404 కార్డు తాకించి లిఫ్టులో దిగింది. నలభై ఒకటి. బోర్డు ఎనిమిదన్నది. వనజ దిగింది, ఏడు. ఆమె అత్త దిగింది, ఆరు. అక్షయ తండ్రికి గనిలో ఆ ఆదివారం సెలవు దొరకలేదు. ఆయన స్థానంలో ఎవరు దిగాలా అని అందరూ ముఖాలు చూసుకుంటుండగా హమీద్ సాబ్ లుంగీ ఎగగట్టి మెట్లెక్కారు.

"జర బరువెక్కువ ఉంట. మీ తల్లి ఏమన్న అనుకుంటదా?" అని రాజవ్వను అడిగారు.

"ఎక్కువొస్తె కాదంటదా బిడ్డా."

డెబ్బై నాలుగు. బోర్డు ఐదన్నది.

టైగర్ విషయంలో చిక్కు వచ్చింది. పక్కన మనిషి ఉంటే బరువు కలిసిపోతుంది, కాబట్టి అది ఒంటరిగా దిగాలి. లెక్చరరు గారు మెట్ల మీదుగా దాన్ని నాలుగో అంతస్తుకు తెచ్చి, లిఫ్టులో వదిలి, కార్డు తాకించి, పరుగున కిందికి వెళ్లి తలుపు ముందు పేరుపెట్టి పిలుస్తూ నిలబడ్డారు. ఆ కుక్క లిఫ్టులో నిశ్చలంగా కూర్చుంది. ముప్పై నాలుగు, పావుకిలో కూడా ఊగలేదు. నా సిద్ధాంతానికి అది ఒక్కటే మినహాయింపు. తలుపు తెరుచుకోగానే బోర్డు నాలుగన్నది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఐదున్నరకు అధ్యక్షుల వంతు. మెట్ల ముందు ఆయన ఆగి నోటీసు బోర్డులో తమ సంతకం వైపు చూశారు.

"మధ్యల మనసు మార్చుకోవద్దని నేనే రాసిన కద," అన్నారు.

"పైకి పోయి సోంచాయించుర్రి రెడ్డి సాబ్, టైమ్ అయితున్నది," అన్నారు హమీద్ సాబ్.

ఒక్కో అంతస్తులో కూర్చుని లేస్తూ ఎక్కారు. సులోచనమ్మ గారు వెనకే నీళ్ల సీసాతో ఎక్కారు. నాలుగో అంతస్తులో సరిత తలుపు తీసి కుర్చీ వేసి, ఆయన చేయి పట్టుకుని నాడి చూసింది. ఆయన ఆమెతో ఏమన్నారో నేను వినలేదు. ఆమె మాత్రం, "గట్లేం లేదు సార్, మెల్లగ ఊపిరి తీసుకోర్రి," అనడం వినబడింది. తర్వాత 404 కార్డును ఆయన చేతికిచ్చింది.

నేను మెట్లు దిగి వచ్చేసరికి కింద తలుపు మీద ఎనభై ఎనిమిది కనబడింది. ఊగుతున్న అంకె, మనిషిదే. తలుపు తెరుచుకుంది. ఆయన బయటికి వచ్చి తిరిగి బోర్డు వైపు చూశారు. మూడు.

ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు నేను ఫొటో తీసి యజమానికి పంపాను. ఆయన ఒక బొటనవేలు గుర్తు పంపారు. అధ్యక్షులు నోటీసు బోర్డు అద్దం తీసి, ఆ నియమం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఖాళీ చేయమన్న నోటీసు ప్రతిని కూడా నా దగ్గర అడిగి తీసుకున్నారు.

చివరి లెక్క

మంగళవారం తెల్లవారాక బండి వచ్చింది. బంగారాన్ని లిఫ్టులో దింపితే బోర్డు సున్నా దాటి మైనస్ మూడుకు పడిపోతుందని ముందే చెప్పాను. ఆ ఇంట్లో మనుషులు లేకపోవడమే కాక, లేనివాళ్లు కూడా ముగ్గురు తగ్గి ఉన్నారని యజమానికి సందేశం వెళ్లేది. అందువల్ల నాలుగు అంతస్తుల మెట్ల పొడుగునా నివాసితులు నిలబడి, చేతులు మార్చుకుంటూ దింపారు. ఏళ్ల తరబడి ఒకే లిఫ్టులో మాట లేకుండా దిగినవాళ్లు ఆ ఉదయం ఒకరి పేరు ఒకరు అడిగి తెలుసుకున్నారు. రాజవ్వ అందరికన్నా చివర, దీపం ఆర్పి, తలుపు వేసి దిగింది.

అధ్యక్షుల బరువు మూడు కిలోలు తగ్గింది కాబట్టి బంగారంలోనూ మూడు కిలోలు తీసేయవచ్చా అని ఆయనే అడిగారు. "మొక్కిన్నాటి మనిషికే మొక్కు," అన్నారు సులోచనమ్మ గారు. తీయలేదు.

లెక్క ఇది. 404లో మనుషులు ముగ్గురు. జాతరకు వెళ్లిన బంగారం మూడు వందల యాభై నాలుగు కిలోలు. దాని బదులు లిఫ్టు దిగినవారు ఐదుగురు మనుషులు, ఒక కుక్క, మొత్తం మూడు వందల యాభై ఏడు కిలోలు. తేడా మూడు కిలోలు. హమీద్ సాబ్ ఆరు ఎక్కువ, అధ్యక్షులు మూడు తక్కువ. మార్చిలో అక్షయ పరీక్షలు ఆ ఇంటి నుంచే రాసింది.